నల్లరేగడిలో నా స్తంభం

పెరట్లో స్తంభం కట్టిస్తానని చెప్పినప్పుడు మా అన్నయ్య మొదట నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి, కంచంలో చెయ్యి ఆపాడు.

"స్తంభమేంటే? ఎవరి జ్ఞాపకార్థం?"

"ఎవరి జ్ఞాపకార్థమూ కాదన్నయ్యా. టెలిస్కోపు పెట్టుకోడానికి. దాని చుట్టూ చిన్న గది. కప్పు పక్కకి జరిగేట్టు చేయిస్తాను."

"కప్పు జరిగే గదంట!" అని వదిన వైపు తిరిగాడు. "రేపు గోడలు కూడా నడుస్తయ్యంటదేమో అడుగు."

నిజానికి మా ఊళ్లో గోడలు నడుస్తాయి. ఆ సంగతి అన్నయ్యకీ తెలుసు. మాది పర్చూరు దగ్గర పల్లె. చుట్టూ నల్లరేగడి. పత్తికీ మిరపకీ ఇంతకంటే మంచి నేల లేదు, ఇంటికి ఇంతకంటే చెడ్డ నేల లేదు. వానలు పడితే నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఎండలు ముదిరితే ముడుచుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. తన మీద నిలబెట్టిన ప్రతిదాన్నీ ఏటా ఒకసారి ఎత్తి ఒకసారి దించుతుంది. మా వీధిలో పగులు లేని గోడ లేదు. వానాకాలం మూసుకోని తలుపులు ఎండాకాలం వాటంతటవే తెరుచుకుంటాయి. పుట్టినప్పటినుంచీ ఇలాగే ఉంది కనక ఎవరూ పట్టించుకోరు. పగులు మీద సున్నం కొట్టి, అది కూడా విచ్చితే కేలండరు తగిలిస్తారు.

మా నాన్న మిషన్ బడిలో పంతులుగా చేశాడు. పోయేముందు ఇల్లు రెండుగా పంచి, ముందు భాగం అన్నయ్యకి, వెనక రెండు గదులూ పెరడూ నాకు రాసిచ్చాడు. అన్నయ్య మిరపకాయల వ్యాపారం చేస్తాడు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లకి ఇన్నేళ్లుగా ఒకటే జవాబు చెబుతున్నాను: చేసుకోలేదు.

టెలిస్కోపు నాకు హఠాత్తుగా పుట్టిన పిచ్చి కాదు. గ్రహణాలూ గ్రహాలూ పాఠం వచ్చిన ప్రతిసారీ బల్ల మీద బల్బు పెట్టి, దాని చుట్టూ బంతి తిప్పి చూపించేదాన్ని. శనిగ్రహానికి వలయాలుంటాయని బోర్డు మీద బొమ్మ గీసేదాన్ని. నేను చూశానా అంటే లేదు. ఒకసారి సైన్సు టీచర్ల శిక్షణలో నిజమైన టెలిస్కోపు పెట్టారు. వరసలో నిలబడి, నా వంతు వచ్చి, కన్ను పెట్టి, ఇంకా మసక తేరుకోకముందే వెనక నుంచి ఒకాయన "అయింది మేడమ్, రండి రండి" అన్నాడు. తప్పుకున్నాను. ఇంటికొచ్చేదాకా బస్సులో నాకు ఒళ్లు మండుతూనే ఉంది. అంత దూరంలో ఉన్నదాన్ని చూడటానికి ఇంకొకడి అనుమతి కావాలా? నాది నేను కొనుక్కోవాలని ఆ బస్సులోనే నిశ్చయించుకున్నాను.

కొన్నాను. అద్దాలతో పనిచేసే పెద్ద గొట్టం, దాన్ని తిప్పే మోటారు, మొత్తం ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మొదట మేడ మీద పెట్టాను. కింద వదిన మెట్ల మీద నడిస్తే పైన చంద్రుడు గిలగిల్లాడేవాడు. మిక్సీ వేస్తే సరే సరి. పెరట్లో నేల మీద మూడు కాళ్ల స్టాండు వేసి చూశాను. ఎండాకాలం ఒక కాలు నెర్రెలోకి దిగబడింది, తొలకరికి మూడు కాళ్లూ బురదలోకి దిగాయి.

ఇది కుదురుగా నిలవకపోతే ఏమవుతుందో చెప్పాలి. భూమి తిరుగుతోంది కనక చుక్కలు జరుగుతాయి. వాటి వెంట టెలిస్కోపు నెమ్మదిగా తిరగాలంటే దాని ఇరుసు ధ్రువనక్షత్రం వైపు చూస్తూ ఉండాలి. మా ప్రాంతంలో ధ్రువనక్షత్రం బాగా కిందికి ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే నేల నుంచి పిడికిలిన్నర ఎత్తు, అంతే. ఇరుసు వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా, చూస్తున్న చుక్క చల్లగా అద్దంలోంచి జారిపోతుంది. కాబట్టి నాకు కావలసింది కదలని స్తంభం. అదీ, కదలడమే పనిగా పెట్టుకున్న నేలలో.

అన్నయ్య మర్నాడే మేస్త్రిని పిలిపించాడు. మా వీధిలో సగం ఇళ్లు ఆయనే కట్టాడు.

"దీనికింత ఆలోచనెందుకు మేడమ్ గారూ," అన్నాడు మేస్త్రి. "మూడడుగులు తవ్వి, ఇసక పోసి, రాయి కట్టి పైకి లేపుదాం. ఈ ఊళ్లో గోడలన్నీ అట్టా లేచినయ్యే."

"ఈ ఊళ్లో గోడలన్నీ పగిలినయ్యి కూడా," అన్నాను.

ఆయన నొచ్చుకున్నాడు. "పగులు పునాదిది కాదండీ, నేలది."

"అదే కదా నేనూ అంటున్నది."

తరవాత అన్నయ్యకి తెలిసిన ఇంజనీరు వచ్చాడు. నేను ప్రశ్న అడిగితే జవాబు అన్నయ్యకి చెప్పేవాడు. "అడుగు మందాన స్లాబు పరిచేద్దాం సార్. నేల ఉబ్బినా పడవలాగ మొత్తం కలిసి తేలుతుంది. పగుళ్లు రావు."

"తేలేటప్పుడు ఒక పక్కకి ఒరగదాండీ?" అని అడిగాను.

"కొంచెం ఒరిగితే ఇంటికేమవుతుంది సార్?" అని అన్నయ్యతో అన్నాడు.

"ఇది ఇల్లు కాదు. కట్టించుకునేది ఆయన కూడా కాదు. ఇటు చూసి చెప్పండి," అన్నాను.

ఇటు చూశాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లని అవమానించానని అన్నయ్య రెండు రోజులు మాట్లాడలేదు. నాకది విశ్రాంతిగానే ఉంది. ఎవరి మాటా వినకుండా నేలనే అడుగుదామని కూర్చున్నాను.

మే నెల. పెరడంతా చెయ్యి పట్టేంత నెర్రెలు. వాటిలో పెద్దదాన్ని చూసి, తాడుకి ఇనప నట్టు కట్టి లోపలికి వదిలాను. మూడడుగులు దిగింది. ఇంకా దిగింది. నా ఎత్తుకి మించి తాడు లోపలికి పోయాక గానీ నట్టు ఆగలేదు. నడినెత్తిన ఎండలో బోర్లా పడుకుని నెర్రెలోకి చూస్తున్న నన్ను పక్కింటావిడ గోడ మీంచి చూసి, ఉంగరం పడేసుకున్నానేమో అనుకుంది. నేను మాత్రం లేచేటప్పటికి ఒక సంగతి తేల్చుకున్నాను. నేల ఎంత లోతుదాకా ఎండి పగులుతుందో అంత లోతుదాకా కదులుతుంది. మూడడుగుల పునాదీ, పరిచిన స్లాబూ రెండూ ఆ కదిలే మట్టి నెత్తినే కూర్చుంటాయి. నా స్తంభం దాన్ని దాటి కిందికి పోవాలి.

అందుకు పద్ధతి ఉంది. నల్లరేగడి కోసమే మన దేశంలో ఎన్నాళ్లుగానో వాడుతున్నారు. సన్నటి లోతైన గొయ్యి తవ్వి, అడుగున కుండలాగా వెడల్పు చేసి, ఇనప ఊచలు దింపి కాంక్రీటు పోస్తారు. పైన మట్టి ఎంత ఉబ్బి పైకి లాగినా, అడుగున కుండ గట్టినేలలో ఇరుక్కుని రాదు. పైల్స్ అంటారు వాటిని. వంతెనలకీ పెద్ద గోడౌన్లకీ వేసే పైల్సు పెరట్లో గదికి వేస్తానంటే మేస్త్రి పగలబడి నవ్వాడు. నేను దర్శి వైపు ఆ పనిచేసే మనుషులున్నారని కనుక్కుని, వాళ్లకి ఫోను చేశాను.

ఆ మాట తెలిశాక అన్నయ్య అసలు అభ్యంతరం బయటపెట్టాడు.

"ఎక్కడ కట్టిస్తన్నావు?"

"ఈశాన్యం మూల. ఉత్తరం వైపు పత్తి చేను, అడ్డం లేదు. ధ్రువనక్షత్రం కనపడేది అక్కణ్నుంచే."

"ఈశాన్యంలో అంత బరువా! బుద్ధుందా నీకు? ఇంటికి అరిష్టం."

"ప్రతి ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషివి, వాస్తు ఏంటన్నయ్యా?"

"వాస్తుకీ మతానికీ సంబంధం లేదు. అది సైన్సు."

"సైన్సు నేను చెబుతాను బళ్లో. ఏ తరగతి పుస్తకంలో ఉందో చూపించు."

ఆయన చూపించలేదు. నేనూ మూల మార్చలేదు.

జూన్‌లో బడి తెరిచేముందు పొన్నూరులో మాకు శిక్షణ తరగతులు పెట్టారు. రోజూ తిరగలేక అక్కడే ఒక స్నేహితురాలింట్లో ఉన్నాను. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాగు కింద పెట్టి పెరట్లోకి వెళితే, నైరుతి మూలలో, వేపచెట్టు కింద, చతురస్రంగా రాతి పునాది లేచి ఉంది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. మేస్త్రి దాని మీద గోనెపట్టా కప్పి నీళ్లు చల్లుతున్నాడు. అన్నయ్య కుర్చీ వేసుకుని చూస్తున్నాడు.

"నువ్వు తిరగలేకపోతన్నావని నేనే మొదలుపెట్టించా," అన్నాడు. గొంతులో దొంగతనం లేదు, నాకు మేలు చేశానన్న ధీమా ఉంది. నాకు కోపం వచ్చింది ఆ ధీమా చూసే.

"ఈ మూల నుంచి నాకు ఆకాశం కనపడదు. చెట్టు కనపడుతుంది," అన్నాను.

"చెట్టు కొట్టేయిద్దాం."

"ఇల్లో? ఉత్తరం వైపు మనిల్లే ఉంది. అది కూడా కొట్టేయిద్దామా?"

మేస్త్రి చెంబు కింద పెట్టాడు. "మేడమ్ గారూ, కట్టిందైతే కట్టాం. ఇంకేదో ఒకటి పైన వేసుకుందాం. సామాన్ల గది వేసుకోండి."

"తీసెయ్యండి."

"ఏంటండీ?"

"రాయి రాయి తీసెయ్యండి. మీ కూలి మీకిచ్చేస్తాను. ఇది మాత్రం ఉండటానికి వీల్లేదు."

అన్నయ్య లేచాడు. "కట్టింది పీకిస్తావా? ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు?"

గోడకి ఆనించి ఉన్న గునపం అందుకుని పునాది దగ్గరికి వెళ్లాను. శిక్షణ కోసం కట్టుకున్న ఇస్త్రీ చీర. చెంగు నడుముకి దోపి, రెండు రాళ్ల మధ్య గునపం దింపి ఎత్తాను. సిమెంటు పచ్చిగా ఉంది కనక రాయి పట్టు వదిలింది. మొదటి రాయి దొర్లినప్పుడు ఆ చప్పుడుకి నాకే భయమేసింది. నిజంగా ఈ పని చేస్తున్నానా అనిపించింది. రెండో రాయికి భయం పోయింది. మూడోదానికి హాయిగా ఉంది.

"ఆపవే!" అని అన్నయ్య అరిచాడు.

వెనక గుమ్మంలోంచి వదిన వచ్చింది. పెళ్లయి మా ఇంటికొచ్చినప్పటినుంచీ ఆవిడ బయటివాళ్ల ముందు మొగుడికి ఎదురు చెప్పగా నేను వినలేదు. "ఆవిడ జాగాలో ఆవిడ కట్టుకుంటుంటే మీకెందుకండీ?" అంది. అరవలేదు, కూర బాగుందా అని అడిగినట్టు అడిగింది. "మీ మిరపకాయలు ఎక్కడ అమ్ముకోవాలో ఆవిడ చెప్పిందా ఎప్పుడన్నా?"

మేస్త్రి తల వంచుకుని, నా చేతిలో గునపం తీసుకున్నాడు. "మీరు లెగండి మేడమ్ గారూ, చేతులు బొబ్బలెక్కుతయ్యి," అన్నాడు. చీకటి పడేటప్పటికి గొయ్యి తప్ప ఏమీ మిగల్లేదు. ఆ రాళ్లు తరవాత నా గది గోడలకి వాడాను.

దర్శి మనుషులు వచ్చింది ఆ వారంలోనే. ముగ్గురు. మూడు కాళ్ల ఇనప స్టాండు, పొడుగాటి రాడ్డు చివర మరమేకులాంటి బరమా. ఇద్దరు పట్టుకుని గానుగ తిప్పినట్టు తిప్పుతుంటే నల్లమట్టి ముద్దలు ముద్దలుగా పైకి వచ్చింది. నేను పక్కనే కుర్చీ వేసుకుని, వచ్చిన మట్టి వచ్చినట్టు చేత్తో నలిపి చూశాను. చాలా లోతుదాకా అదే నలుపు, అదే జిగట. తరవాత మట్టి రంగు తిరిగింది. పసుపుపచ్చగా, సున్నపు గులకలు కలిసి, వేళ్ల మధ్య పొడిగా విరిగింది.

"ఇక చాలు మేడం," అన్నాడు వాళ్ల పెద్ద. "గట్టి తగిలింది."

"ఇంకొంచెం దింపండి."

"చాలంటున్నాం కదండీ. మేం చేసే పనే కదా."

"మీకు చాలు. నాకు చాలదు. దింపండి."

గొణుక్కుంటూ దింపారు. తరవాత రాడ్డు చివర రెక్కలు విచ్చుకునే బకెట్టు తగిలించి అడుగు వెడల్పు చేశారు. అలా మూడు గోతులు తవ్వి, అయిందన్నారు. నేను ఇంట్లోంచి నిలువుటద్దం తెచ్చి, ఎండని మొదటి గోతిలోకి మళ్లించి చూశాను. వెలుగు కిందికి దిగి, అడుగున కుండ కడుపులాగా విచ్చుకున్న మట్టి మీద పడింది. రెండోదీ అలాగే ఉంది. మూడోదానిలో ఒక పక్క విచ్చుకోలేదు. మళ్లీ చేయించాను. ఆ పెద్ద నన్ను తిట్టుకున్నాడో ఏమో నాకు తెలియదు, నా ఎదురుగా మాత్రం "సరేనండీ" అన్నాడు.

మూడు పైల్సునీ పైన కలుపుతూ కాంక్రీటు దిమ్మ వెయ్యాలి. దిమ్మ మట్టికి తగిలితే, ఉబ్బిన మట్టి దాన్ని పైకి తోస్తుంది. అందుకని దిమ్మ కింద జానెడు ఖాళీ వదలమన్నాను. ఈ పనికి మా మేస్త్రే వచ్చాడు.

"గాల్లో కడతారా మేడమ్ గారూ?"

"గాల్లోనే కట్టండి."

దిమ్మ మీద స్తంభం లేచింది. స్తంభం చుట్టూ గది, గదికి పట్టాల మీద జరిగే రేకుల కప్పు. గది పునాది మామూలుదే, పగిలితే పగలనీ అనుకున్నాను. ఒక్కటే షరతు పెట్టాను: గది నేల గానీ గోడ గానీ స్తంభాన్ని తాకకూడదు. చుట్టూ రెండు వేళ్ల సందు వదిలించి, అందులో రబ్బరు కుక్కించాను. గదిలో ఎవరు నడిచినా ఆ అదురు స్తంభానికి ఎక్కకూడదు. నేల ఎక్కడిదాకా ఉందో స్తంభం మీద సుద్దతో కాదు, మేకుతో గీత గీశాను.

టెలిస్కోపు స్తంభం మీదికి ఎక్కించి, ఇరుసుని ధ్రువనక్షత్రం వైపు బిగించాను. తరవాత వానలు వచ్చాయి. ఆ ఏడు పత్తి చేలల్లో నీళ్లు నిలిచాయి. కుండపోతగా కురిసి ఆగి, మళ్లీ కురిసింది. ఒక ఉదయం గది తలుపు తెరుద్దామంటే రాలేదు. భుజంతో తోసి లోపలికి వెళితే, నేల మధ్యలో ఉబ్బి, తూర్పు గోడలో కిటికీ మూల నుంచి కప్పుదాకా పగులు పారి ఉంది. కప్పు తోస్తే ఒక చక్రం పట్టా తప్పింది.

అన్నయ్య వరండాలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. "ఏమైందే నీ లోతు పునాది? రెండు వానలకే పగిలిందా?" వీధిలో పోయేవాళ్లకి వినపడేట్టు అన్నాడు.

"పగిలింది గోడ!" అని నేనూ అంతే గట్టిగా అన్నాను. గీత దగ్గర వంగి చూశాను. నేల గీతకి రెండు వేళ్లు పైకి వచ్చేసింది. అంటే నేల లేచిందా, స్తంభం ఒక పక్కకి దిగిందా? మబ్బు విడిచేదాకా తెలియదు. మబ్బు వారం పైనే విడవలేదు. ఆ వారం బళ్లో పిల్లలు కూడా నా జోలికి రాలేదు.

విడిచిన రోజు సాయంత్రం మేస్త్రిని పిలిచి చక్రం పట్టా ఎక్కించి, కప్పు జరిపాను. చీకటి పడి పత్తి చేను మీద ధ్రువనక్షత్రం కనపడగానే కన్ను పెట్టాను. వానలకి ముందు ఎక్కడ బిగించానో అక్కడే ఉంది. నమ్మకం కుదరక, నడినెత్తికి దగ్గర్లో ఇంకొక చుక్కని తెచ్చి, అద్దంలో అడ్డగీతలు కలిసే చోట నిలిపి మోటారు వేశాను. వెళ్లి అన్నం తిన్నాను. కావాలనే మెల్లగా తిన్నాను. మజ్జిగ కూడా పోసుకున్నాను. తిరిగొచ్చి చూస్తే చుక్క గీతల మధ్య అలాగే ఉంది. స్తంభం దిగలేదు. నేలే లేచింది. చుట్టూ ఉన్నవన్నీ లేచి, వంగి, పగిలిపోయినా అది మాత్రం కదల్లేదు.

అప్పుడు నేను ఏడ్చాను. సంతోషంతోనే గానీ అందులో కోపం కూడా చాలా ఉంది. దాన్ని దాచుకోను.

మిరపకోతల కాలంలో కూలికి వెళ్లి వచ్చే ఆడవాళ్లు మా పెరటి దారినే పోతారు. వాళ్లలో చాలామంది మా చర్చివాళ్లే. ఒక సాయంత్రం నలుగురు ఆగారు.

"టీచరమ్మా, జాతకం చెబుతావంట గదా?"

"చెప్పను. చందమామని చూపిస్తాను, రండి."

కారం చేతులు కంటికి తగలకుండా కొంగుతో పట్టుకుని చూశారు. అందరిలో పెద్దావిడ చూసి, తల ఎత్తి మామూలుగా చూసి, మళ్లీ అద్దంలో చూసింది. "ఇదేంటమ్మా, మన నేల లాగానే గుంటలు గుంటలుగా ఉంది," అంది. "ఎవుడన్నా దున్నుతున్నాడా అక్కడ?" మిగతావాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు చెల్లెల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

ఇది బడిదాకా పాకింది. ఒకరోజు హెడ్మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"మేడమ్, వచ్చేవారం పైనుంచి తనిఖీకి వస్తున్నారు. మీ టెలిస్కోపు తెచ్చి స్టాఫ్ రూమ్ ముందు పెట్టించండి."

"పగలు దానితో ఏం చూస్తారండీ?"

"చూడక్కర్లేదు. అది కనపడితే చాలు. ఫోటో తీసుకుంటాం."

"తీసుకురానండి."

"నాలుగు నట్లు విప్పితే వచ్చేస్తుంది కదా!"

"వస్తుందండీ. నేను విప్పను. చూడాలనుకున్నవాళ్లని సాయంత్రం మా పెరట్లోకి రమ్మనండి. కూలివాళ్లతో పాటు వరసలో నిలబడతామంటే అందరికీ చూపిస్తాను."

తనిఖీకి వచ్చినవాళ్లు రాలేదు. మధ్యాహ్న భోజనం పర్యవేక్షణ నా నెత్తిన పడింది. పడనివ్వండి. పిల్లలతో పాటు నేనూ వేడివేడిగా తింటున్నాను.

అంతకుముందే హెడ్మాస్టరు గారు మా అన్నయ్యకి ఫోను చేసి, చెల్లెలికి కాస్త నచ్చజెప్పమన్నారట. "నాకెందుకు చెబుతారండీ," అన్నాడట అన్నయ్య. "నా మాట విని ఉంటే అసలా స్తంభమే లేదు." ఈ సంగతి వదిన చెప్పింది.

ఆయన ఇంతవరకూ ఆ గదిలో అడుగు పెట్టలేదు. నేనూ బతిమాలలేదు. ఎండాకాలం వస్తే గోడ పగులు ఇంకా పెరుగుతుంది, సిమెంటు పూస్తాను, వానలకి మళ్లీ విచ్చుతుంది. సాయంత్రం కప్పు తోస్తే చక్రాలు కీచుమంటాయి. ఆ చప్పుడు వినగానే ముందుగదిలో అన్నయ్య టీవీ సౌండు పెంచుతాడు. పెంచుకోమని, నేను కప్పుని చివరిదాకా తోస్తాను.